నాన్న నాణేలను ఎందులో పెట్టాలి? – నా అనుభవం

2023 దసరా సెలవుల్లో బీరువా సర్దుతూ నాన్న నాణేల ఆల్బమ్ బయటికి తీశాను. అట్ట తెరవగానే ముందు వాసన తగిలింది. కొత్త రెక్సిన్ సంచిని ఎండలో పెడితే వచ్చే వాసన లాంటిది. మొదటి పేజీలో 1957 నాటి నయా పైసా ఉంది. రూపాయిలో నూరో వంతు అని హిందీలో రాసి ఉండే ఆ చిన్న కంచు నాణెమంటే నాన్నకు ప్రాణం. దాన్ని పాకెట్లోంచి వేలితో పైకి తోస్తే రాలేదు, ప్లాస్టిక్‌కి అంటుకుపోయింది. ఇంకాస్త గట్టిగా నెడితే పనస బంకలా సన్నగా సాగి ఊడింది. అంకెల పక్కన ఆకుపచ్చ చుక్కలు, తడిగా మెరుస్తున్నాయి. మిగతా పేజీలు గబగబా తిప్పాను. గుర్రం బొమ్మ కాణీ, ఎద్దు బొమ్మ అర్ధణా, నాయనమ్మ దాచుకున్న చార్మినార్ రూపాయి, అన్నింటి మీదా ఎంతో కొంత అదే జిగురు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

నాన్న ఆర్టీసీలో కండక్టరు. అమలాపురం డిపోలో ఎక్కువకాలం పనిచేశారు. రాత్రి డ్యూటీ దిగి వచ్చాక తోలుసంచి చాప మీద బోర్లించి చిల్లర లెక్కపెట్టేవారు. అందులో పాతదో, కొత్తరకందో కనిపిస్తే తన జేబులోంచి అంతే డబ్బు సంచిలో వేసి ఆ నాణెం తీసి పక్కన పెట్టేవారు. లెక్క పైసా కూడా తేడా రాకూడదు. తర్వాత అట్టముక్క ఒకటి చింపి దాని మీద ఊరు, ఏడాది రాసి నాణెంతో కలిపి చిన్న కాగితంలో మడిచేవారు. "రాజోలు బస్సు, 1978", "ముమ్మిడివరం సంతరోజు, 1981" ఇలా. ఆరు మూలల మూడు పైసలు, అంచు వంకీల పది పైసలు, తామరపువ్వు ఉన్న ఇత్తడి రంగు ఇరవై పైసలు అలా వచ్చినవే. వీటికి తోడు నాయనమ్మ ఇచ్చినవి కొన్ని. ఆమె పుట్టిల్లు మధిర వైపు. నిజాం రాజ్యంలో అక్కడి సొంత నాణెం హాలీ సిక్కా (చార్మినార్ రూపాయి ఆ రకమే), ఇంగ్లీషువాళ్ల కల్దారు రూపాయి రెండూ ఆమె చేతుల మీదుగా నడిచాయి. 2011 జూన్ 30తో పావలా, అంతకంటే చిన్న నాణేలన్నీ చెల్లకుండా పోయిన రోజు నాన్న సీసా ముందేసుకుని చాలాసేపు కూర్చున్నారు.

సీసా అంటే హార్లిక్స్ సీసా. నలభై ఏళ్లు ఆ నాణేలు అందులోనే ఉన్నాయి. రంగు తగ్గాయి, ఒకదానికొకటి తగిలి గీతలు పడ్డాయి. అంతకుమించి వాటికేమీ కాలేదు. 2020లో నాన్న పోయాక, ఆయన గుర్తుగా వీటిని బాగా చూసుకోవాలనుకున్నది నేను. ఒక దుకాణంలో ముదురునీలం అట్టతో, మెత్తగా అద్దంలా మెరిసే పేజీలతో ఉన్న ఆల్బమ్ కొన్నాను. ఒక ఆదివారమంతా కూర్చుని ఒక్కొక్కటీ పొదిగాను. కాగితం మడతలు విప్పి, నాన్న రాసిన అట్టముక్కలను మాత్రం విడిగా ఒక కవరులో వేశాను. ఏది దేనిదో నాకు గుర్తుంటుందనుకున్నాను. సీసాలో నలభై ఏళ్లు ఆగినవి ఆల్బమ్‌లో మూడేళ్లు ఆగలేదు.

ముందు అది చిలుమనుకున్నాం. కాకినాడ ఉప్పుగాలికి ఇత్తడి సామాను మీద రావడం మామూలే. అమ్మ చింతపండు తెచ్చి, నేను స్నానం చేసి వచ్చేలోపు 1918 నాటి జార్జి రూపాయి తోమేసింది. తళతళా మెరిసింది. నిజం చెప్పాలంటే నాక్కూడా అప్పుడు సంతోషమే వేసింది. మిగతావి కూడా తోమేద్దామనుకుని, ఎందుకో మనసొప్పక మా వీధిలోనే ఉండే మాస్టారికి ఒకసారి చూపిద్దామని తీసుకెళ్లాను. ఆయన కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు, చాలా ఏళ్లుగా నాణేలు పోగుచేస్తున్నారు.

ఆయన జార్జి రూపాయిని అంచులు పట్టుకుని భూతద్దం కింద పెట్టి నన్ను చూడమన్నారు. రాజుగారి బుగ్గ మీద వెంట్రుకల్లాంటి గీతలు, అన్నీ ఒకే వైపు. "ఇది ఇంక వెనక్కి రాదమ్మా. వందేళ్లకి ఏర్పడిన పైపొర ఇది. పోతే పోయినట్టే. తోమిన నాణెం పోగుచేసేవాళ్లకి ఎంత దూరం నుంచైనా తెలిసిపోతుంది" అన్నారు. తర్వాత ఆల్బమ్ పేజీ చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "జబ్బు నాణేనిది కాదు, దీనిది" అన్నారు.

ఆ పేజీ అంచు కత్తిరించి ఆయన చేసిన పరీక్ష నాకింకా కళ్లకు కట్టినట్టుంది. పెరట్లో స్పిరిట్ దీపం వెలిగించారు. ఒక రాగి తీగ కొసను మంటలో ఎర్రగా కాల్చి, మంటకి ఏ రంగూ రానంతవరకు ఆగారు. వేడిగా ఉండగానే ఆ కొసను ప్లాస్టిక్ ముక్కకి తాకించి మళ్లీ మంటలో పెట్టారు. మంట ఆకుపచ్చగా మారింది, దీపావళి మతాబులా. అంటే ప్లాస్టిక్‌లో క్లోరిన్ ఉంది, అది పివిసి. దీన్ని బైల్‌స్టైన్ పరీక్ష అంటారట. పొగ మంచిది కాదు కాబట్టి ఆరుబయటే చేయాలని, గాలి వాలు చూసుకుని నిలబడాలని చెప్పారు.

పివిసి సహజంగా గట్టిగా ఉంటుంది. దాన్ని అలా మెత్తగా, వంగేలా చేయడానికి నూనెలాంటి పదార్థాలు కలుపుతారు. అవే మెల్లగా బయటికి ఊరి నాణెం మీద జిగురులా పేరుకుంటాయి. వేడికి, కాలానికి ఆ ప్లాస్టిక్ విడిపోతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. రాగి, కంచు, రాగి–నికెల్, రాగి కలిసిన వెండి మీద అది పనిచేసి ఆకుపచ్చగా మారుతుంది. మా అల్యూమినియం పైసల మీద జిడ్డు తప్ప రంగేమీ లేకపోవడానికి కారణం అప్పుడు తెలిసింది. చార్మినార్ రూపాయి వెండిది కదా, దానికెందుకు వచ్చిందని అడిగాను. పాత హాలీ రూపాయిలో వెండి నూటికి దాదాపు 82 పాళ్లేనట, కల్దారు రూపాయిలోనేమో 1939 దాకా దాదాపు 92. ఆ తర్వాత యుద్ధకాలంలో వచ్చిన ఆరో జార్జి రూపాయిల్లో సగమే వెండి, రాగే 40 పాళ్లు. మా ఆల్బమ్‌లో ఎక్కువ పాడైన రూపాయి 1944ది కావడం అందుకే.

జిగురు తీయడానికి ఆయన చెప్పింది అసిటోన్. గోళ్లరంగు తుడిచేది కాదు. అందులో నూనెలు, రంగు, సువాసన కలిసి ఉంటాయి. లేబొరేటరీలకు సామాను అమ్మే చోట స్వచ్ఛమైనది అరలీటరు తెచ్చాను. గాజు గిన్నెలోనే పోయాలి, చాలా ప్లాస్టిక్ గిన్నెల్ని అది కరిగించేస్తుంది. వంటగదిలో అసలు పెట్టకూడదు, ఇట్టే అంటుకుంటుంది. డాబా మీద నీడలో, గాలి ఆడేచోట కూర్చున్నాం. ఒక్కో నాణేన్ని గిన్నెలో వేసి గాజు మూత పెట్టడం, కాసేపాగి ట్వీజర్‌తో తీసి రెండో గిన్నెలో కొత్త అసిటోన్‌లో ముంచడం, పాత నూలు బనీను ముక్క మీద పెట్టి ఆరనివ్వడం. రుద్దడం మాత్రం లేదు, తుడవడం కూడా లేదు. అద్దినా మెల్లగా అద్దాలి. మొదటి గిన్నె అడుగున లేతాకుపచ్చ మడ్డి పేరుకుంది.

జిగురు పోయింది. కానీ లోహాన్ని తినేసిన చోట అసిటోన్ చేయగలిగిందేమీ లేదు. నయా పైసా మీద ఏడు అంకె పక్కన సూది గుచ్చినంత గుంట ఒకటి మిగిలింది. దాన్ని వేలి కొన మీద పెట్టుకుని వెలుతురులో తిప్పితే ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇక అసలు ప్రశ్న, వీటిని ఎందులో పెట్టాలి? ఈసారి చూడటానికి బాగుందని ఏదీ కొనకూడదనుకున్నాను. ఏ ప్లాస్టిక్కో రాయకపోతే తీసుకోకూడదు, రాసినా నేను పరీక్ష చేయకుండా వాడకూడదు. మొత్తం నాణేలు 163. వాటికోసం పెద్ద మొత్తం ఖర్చుపెట్టే స్థితి నాది కాదు. స్కూలు టీచరు జీతంలో ఇంటి ఖర్చులన్నీ పోగా మిగిలింది ఎంతో నాకు తెలుసు. మాస్టారు ఆ మాట విని, "మంచివన్నీ ఖరీదైనవి కావమ్మా. నీ ఆల్బమ్ కంటే చవకవే ఉన్నాయి" అన్నారు. అలాగే జరిగింది.

భయపడనక్కర్లేని ప్లాస్టిక్కులు నాలుగైదు ఉన్నాయి. పాలిస్టర్ ఫిల్మ్, దీన్నే మైలార్ అంటారు. పలచగా, బిరుసుగా ఉంటుంది, నలిపితే గలగలమంటుంది. పాలిప్రొపిలీన్, పాలిథిలీన్ పేజీలూ కవర్లూ. గట్టి డబ్బాలకు వాడే అక్రిలిక్, పాలిస్టైరీన్. చేతికి మెత్తగా తగిలి, సాగి, వాసన వస్తే అనుమానించాలి. ఇంకో సులువైన పరీక్ష కూడా నేర్చుకున్నాను. ఒక చిన్న ముక్క కత్తిరించి, గిన్నెలు తోమే సబ్బు చుక్క కలిపిన నీళ్లలో ముంచి వదలాలి. పాలిప్రొపిలీన్, పాలిథిలీన్ తేలతాయి. పివిసి మునుగుతుంది. పాలిస్టర్ కూడా మునుగుతుంది కాబట్టి మునిగిందల్లా చెడ్డది కాదు, అక్కడే రాగి తీగ అవసరం. నేను తెప్పించిన మొదటి రెండు శాంపిళ్లలో ఒకటి ఈ పరీక్ష దాటలేదు. పైన "సేఫ్" అని పెద్దక్షరాలతో రాసి ఉంది, మంట మాత్రం ఆకుపచ్చగా లేచింది. తిప్పి పంపాను.

ఎక్కువ నాణేలకు నేను ఎంచుకున్నది టూ బై టూ అట్ట హోల్డర్లు. రెండంగుళాల చదరపు తెల్ల అట్ట, మధ్యలో గుండ్రటి కిటికీ, లోపల మైలార్ పొర. నాణెం పెట్టి పుస్తకంలా మడిచి మూడు వైపులా పిన్నులు కొట్టడమే. నాకు ఒక్కోటి నాలుగు రూపాయల లోపే పడింది. జిగురుతో అంటుకునేవి కూడా దొరుకుతాయి, పిన్నుల బాధ ఉండదు. కానీ మే నెలలో మా ఇంట్లో పుస్తకాలకు అంటించిన టేపు కూడా కారిపోతుంది. ఆ జిగురు కిటికీ దాకా పాకితే మళ్లీ మొదటికొస్తానని భయపడి పిన్నులవే తీసుకున్నాను. ఇది నా ఊరి ఎండను బట్టి నేను తీసుకున్న నిర్ణయం. చల్లటి చోట ఉండేవాళ్లకు అవే సుఖంగా ఉండొచ్చు.

సైజుల దగ్గర మాత్రం తొందరపడ్డాను. బ్రిటిష్ రూపాయి వ్యాసం 30.5 మిల్లీమీటర్లు. నేను 30 అనుకుని 30 కిటికీవి యాభై తెప్పించాను. నాణెం అంచు అట్ట కిందికి వెళ్లి, పిన్ను దాదాపు దానికి తగిలేలా వచ్చింది. వాటిని చిన్నవాటికి వాడుకుని, పెద్ద కిటికీవి మళ్లీ తెప్పించాను. నాణేలు ముందు కొలుచుకోండి. స్కేలు చాలదు, సన్న తేడాలు కూడా కొలిచే వెర్నియర్ ఉంటే మేలు. నయా పైసా 16 మిల్లీమీటర్లే, 1969లో గాంధీగారి శతజయంతికి వచ్చిన వెండి పదిరూపాయలేమో 34. నలుచదరపు ఐదు పైసలకు మూల నుంచి మూలకు కొలవాలి. చిల్లు కాణీకి ప్రత్యేకం ఏమీ అక్కర్లేదు. యుద్ధకాలంలో రాగి పొదుపుకోసం నడిమధ్య తొలిచిన ఆ నాణెం మైలార్ కిటికీలో పెడితే ఆ చిల్లులోంచి వెనకాల గోడ కనపడుతుంది, మా పాప దానికోసమే హోల్డరు పైకెత్తి చూస్తుంటుంది.

పిన్ను కొట్టాక వెనక ముళ్లు లేచి ఉంటాయి. అలాగే ఒకదానిమీద ఒకటి పేరిస్తే పక్క హోల్డరు పొర చినిగి నాణేనికి గీత పడుతుంది. శ్రావణంతో, అంటే ప్లయర్‌తో, ప్రతి ముల్లూ నొక్కి చదును చేశాను. 118 హోల్డర్లు, ఒక్కోదానికి మూడు. రెండు రాత్రులు పట్టింది, బొటనవేలు బొబ్బెక్కింది. ఈ ఒక్క పని మాత్రం ఎవరూ వదిలిపెట్టవద్దని నా మనవి. తర్వాత ఎప్పుడైనా నాణెం బయటికి తీయాలంటే కూడా పిన్నులు ముందు పూర్తిగా ఊడదీయాలి. అట్టను చీల్చితే పిన్ను మొన నాణెం మీదుగా జారుతుంది.

నాయనమ్మవి, మరీ ముఖ్యమైనవి ఆరింటికి గుండ్రటి అక్రిలిక్ క్యాప్సూళ్లు కొన్నాను. అన్నింటికీ కొనాలంటే నా వల్ల కాదు, అవసరం కూడా లేదు. ఒకేరకం అల్యూమినియం పైసలు 39 మిగిలాయి. వాటికి చిన్న పాలిథిలీన్ జిప్ కవర్లు చాలు, ఒక్కోదాంట్లో ఒక్కటే. అల్యూమినియం మెత్తన, కలిపి వేస్తే ఒకదాన్నొకటి గీసుకుంటాయి. కాగితం కవర్లు వద్దనుకున్నాను. మామూలు కాగితంలో ఆమ్లం ఉంటుంది, గంధకం కూడా ఉండొచ్చు, దానికి వెండి నల్లబడుతుంది. రబ్బరు బ్యాండ్లూ అంతే. మా దగ్గరున్న ఒక పావలా మీద ఇప్పటికీ రబ్బరు బ్యాండు చుట్టిన మేర నల్లటి గీత ఉంది.

పెట్టె కోసం కొత్త ప్లైవుడ్ డబ్బా చేయిద్దామనుకుంటే మాస్టారు వద్దన్నారు. ఆ జిగురు, ఆ చెక్క వదిలే ఆవిరి మూసిన పెట్టెలో నాణేలకే తగులుతుంది. అమ్మ పప్పులు పోసుకునే పాత స్టీలు డబ్బా ఇచ్చింది, మూత గట్టిగా పడుతుంది. కడిగి ఎండలో రెండు రోజులు ఆరబెట్టి అందులో హోల్డర్లు నిలువుగా వరుసగా పేర్చాను. బీరువాలో బట్టల మధ్య కలరా ఉండలు ఉండేవి, ఆ అర లోంచి తీసేశాను. డబ్బా అడుగున చిన్న గుడ్డసంచిలో సిలికా జెల్ గింజలు పెట్టాను, రంగు మారేవి. చెమ్మ పట్టేకొద్దీ నీలం పోయి గులాబీ రంగులోకి వస్తాయి. అప్పుడు తీసి వేడి చేస్తే మళ్లీ నీలమవుతాయి. కోబాల్ట్ లవణం ఉంటుంది కనుక వంటకి వాడే మూకుడులో వేయించకూడదు, పిల్లలకి అందకూడదు. మా ఊళ్లో వానాకాలంలో మూడు వారాలకే గులాబీ రంగు వచ్చింది, వేసవిలో రెండు నెలలు ఆగింది.

అసిటోన్, హోల్డర్లు, క్యాప్సూళ్లు, కవర్లు, సిలికా జెల్, నేను తప్పు కొన్నవాటితో సహా అన్నీ కలిపి 1,300 రూపాయలు అయింది. ఆ నీలం ఆల్బమ్‌కి 1,800 పెట్టాను.

ఖర్చు సంగతి అలా ఉంచితే, అట్ట హోల్డర్లలో నేను ముందు అనుకోని మేలు ఒకటుంది. కిటికీ చుట్టూ రాసుకోవడానికి చోటుంటుంది. నాన్న అట్టముక్కల కవరు తీసి నేల మీద పరిచాను. ఏడాదులు, రకాలు చూసుకుంటూ జతలు కలపడానికి నెల పట్టింది. అమ్మకు కొన్ని గుర్తున్నాయి. "ఈ తామరపువ్వుది నువ్వు పుట్టిన వారం తెచ్చారే, కొత్తపేట బస్సులో ఒక పువ్వులమ్మి ఇచ్చిందట" అంది. నాణెం పెట్టకముందే ఖాళీ హోల్డరు మీద రాశాను, పెట్టాక రాస్తే ఒత్తిడికి కిటికీ నలుగుతుంది. 118లో 97 జతపడ్డాయి. మిగతా 21 ఎక్కడివో నాకు తెలియదు. నాన్న మడిచిన కాగితాలు ఆ ఆదివారం నేను విప్పకుండా ఉంటే తెలిసేది. ఆ బాధ నాకు పోయేది కాదు.

అన్నీ అయ్యాక తోమిన జార్జి రూపాయి ఒక్కటి బల్ల మీద మిగిలింది. దానికి వేరే ధర కట్టేవాళ్లెవరూ లేరు, వెండి ధర తప్ప. పక్కన పెట్టానని అమ్మ గమనించింది. "అది మీ నాయనమ్మ నా ఒళ్లో పోసిన రూపాయి, నేను కాపరానికి వచ్చిన రోజు" అంది, నా వైపు చూడకుండా. ఆ మాట అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. నా దగ్గర క్యాప్సూళ్లు అయిపోయాయి. చార్మినార్ రూపాయిని దాని క్యాప్సూల్లోంచి తీసి అట్ట హోల్డర్లోకి మార్చి, ఆ క్యాప్సూల్లో జార్జి రూపాయి పెట్టాను. మూత బిగించే ముందు అమ్మ చేతికిచ్చాను. అంచులు పట్టుకోవాలని చెప్పక్కర్లేకపోయింది. రెండు వేళ్లతో అంచులే పట్టుకుని కాసేపు చూసి తనే లోపల పెట్టింది.